ఆగిపోయిన పాత బొమ్మ రైలింజనును విప్పేముందు

చిరంజీవికి నీ పెదనాన్న ఆశీస్సులతో రాయునది.

నీవు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని నిదానంగా చూశాను. నీ చేతికి వచ్చినది హార్న్‌బీ డబ్లో 0-6-2 ట్యాంక్ ఇంజను, అంటే ఆరు నడిపే చక్రాలు, వాటి వెనక రెండు చిన్న చక్రాలు, పక్కల నీటి ట్యాంకులు ఉన్న ఇంజనుకు నమూనా. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1938లో డబ్లో శ్రేణిని మొదలుపెట్టినప్పుడు తెచ్చిన నమూనాలలో ఇదొకటి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి తయారైంది. కప్లింగ్ (పెట్టెలను తగిలించే కొక్కెం) పలుచని స్ప్రింగు రేకుతో చేసినదైతే యుద్ధానికి ముందుదనీ, పీకో కంపెనీ నమూనా కొక్కెం అయితే తర్వాతిదనీ గుర్తుపట్టవచ్చు. ఆ తేడా ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను. మోటారు కాలిపోయినట్టుందనీ, దాన్ని మార్చి బాడీకి కొత్త రంగు వేయించాలనుకుంటున్నాననీ రాశావు. ఆ రెండు పనులనూ ప్రస్తుతానికి పక్కన పెట్టమని చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నాను. దశాబ్దాలుగా పెట్టెలో పడి ఉన్న ఇంజను కదలకపోతే చెడిపోయిందనుకోవడం సహజమే కానీ, నేను చూసినంతలో అలాంటివాటిలో ఎక్కువ భాగం ఎండి బంకగా మారిన నూనె వల్లనో, మసి పట్టిన కమ్యుటేటరు వల్లనో, అరిగిపోయిన బ్రష్ వల్లనో ఆగినవే. కమ్యుటేటరు అంటే మోటారులో తిరిగే తీగ చుట్టలకు కరెంటు చేర్చే రాగి ముక్కల వలయం, బ్రష్ అంటే దానికి ఆనుకుని కరెంటు అందించే కార్బను ముక్క. అందుచేత ఎందుకు ఆగిందో తేలేదాకా ఏ భాగాన్నీ మార్చకు. తేలాక కూడా ఆ ఒక్క లోపం పోవడానికి ఎంత అవసరమో అంతే చేయి.

అన్నిటికన్నా ముందు కరెంటు సంగతి. ఇంజనుతో పాటు వచ్చిన పాత కంట్రోలరును గోడ ప్లగ్గులో పెట్టవద్దు. ఆ కాలపు తీగలకు వేసిన రబ్బరు తొడుగు ఎండిపోయి, వంచితే పెళపెళలాడి రాలిపోతుంది. లోపల ట్రాన్స్‌ఫార్మరులో ఏ తీగ ఎక్కడ బయటపడి ఉందో పైకి కనిపించదు. దాన్ని జ్ఞాపకంగా దాచుకుని, పరీక్షకు కొత్త డీసీ సప్లయి వాడు. వోల్టేజీతో పాటు ఆంపియర్లు కూడా చూపిస్తూ, ఇంత దాటితే ఆగిపోవాలని హద్దు పెట్టగలిగే రకం అయితే మరీ మంచిది. నీ ఇంజను 12 వోల్టుల డీసీతో నడిచేది. పాత బొమ్మ రైళ్లన్నీ ఒకే కరెంటుతో నడుస్తాయని ఎవరైనా చెబితే నమ్మకు: మార్‌క్లిన్, లయొనెల్ వారి పాత ఇంజన్లు ఏసీతో నడిచేవి. డబ్లో మోటారులో శాశ్వత అయస్కాంతం ఉంటుంది కనుక దానికి ఏసీ ఇస్తే తిరగకుండా జుమ్మని మోగుతూ వేడెక్కుతుంది, పైగా అయస్కాంతం కూడా బలహీనపడుతుంది. ఇక 1925లో హార్న్‌బీ తెచ్చిన మెట్రోపాలిటన్ ఇంజను లాంటివి ఇంటి లైనులోని కరెంటునే ఒక బల్బు గుండా నేరుగా పట్టాలకు ఇచ్చుకునే పద్ధతిలో చేసినవి. అటువంటిది ఎప్పుడైనా నీ చేతికి వస్తే అలమరలో పెట్టి చూసుకోవాలే తప్ప దానికి కరెంటు ఇవ్వకూడదు.

తర్వాత లోహాన్ని పరీక్షించు. ఈ పని మర విప్పకముందే జరగాలి. ఈ ఇంజను బాడీ, చట్రం, చక్రాలు జింకు మిశ్రమంతో పోతపోసినవి. జింకుకు అల్యూమినియం, రాగి, మెగ్నీషియం కలిపి చేసే ఈ మిశ్రమం శుద్ధమైనదైతే ఎన్ని దశాబ్దాలైనా నిలుస్తుంది. అయితే ఫౌండ్రీలో సీసం లాంటి మలినాలు కొంచెం కలిసినా, తేమ తగిలినకొద్దీ లోహంలోని స్ఫటికాల నడుమ అంచులు లోపల్లోపల తినివేయబడి, ఆ భాగం ఉబ్బి, పగుళ్లిచ్చి, చివరకు వేళ్ల మధ్య నలిగిపోయే స్థితికి వస్తుంది. దీన్నే జింక్ పెస్ట్ అంటారు. యుద్ధానికి ముందటి పోతల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది కనుకనే కప్లింగ్ చూడమన్నాను. భూతద్దం పట్టుకుని, ఏటవాలుగా పడే వెలుతురులో చక్రాల ఆకులనూ, చట్రం అంచులనూ, మరల చుట్టూ ఉన్న చోట్లనూ చూడు. ఎండిన చెరువు మట్టిలా సన్నని నెర్రెలు గజిబిజిగా అల్లుకుని ఉంటే, లేదా రంగు కింద నుంచి పొంగి పెచ్చులుగా లేస్తుంటే అది ఈ జబ్బే. నీ నాలుగో ఫోటోలో వెనక చక్రం మీద ఒక గీత కనిపించింది. అది గీరుకున్న గుర్తా, పగులా అన్నది ఫోటోలో తేలడం లేదు. గోరు కొనతో తడిమి చూడు. ఒకే దిశలో పోయే ఒంటరి గీత అయితే దిగులు పడనక్కరలేదు.

ఈ జబ్బుకు మందు లేదు. జిగురు పూసినా, లక్క పూసినా లోపలి మార్పు ఆగదు. చట్రం ఉబ్బిందంటే ఇరుసులు దూరే రంధ్రాలు వరుస తప్పుతాయి, అప్పుడు మోటారు ఎంత బాగున్నా బండి నడవదు. బలవంతంగా తిప్పితే చట్రం రెండు ముక్కలవుతుంది. అలాంటి పరిస్థితే అయితే ఇంజనును విప్పకుండా పొడి చోట అలంకారంగా ఉంచుకోవడమో, మరో మంచి చట్రం సంపాదించి పాతదాన్ని విడిగా భద్రపరచడమో చేయాలి. ఇన్నేళ్ల తర్వాత కూడా పోత నున్నగా, కొలత తప్పకుండా ఉందంటే అది మంచి లోహమేనని ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు.

విప్పేటప్పుడు ప్రతి అడుగుకూ ఒక ఫోటో తీయి. తీసిన మరలను, స్ప్రింగులను ఏ చోటివి ఆ చోటివిగా గుంటల పళ్లెంలో పెట్టుకో. కింద లేత రంగు తువ్వాలు పరచుకుంటే జారిపడిన బ్రష్ స్ప్రింగు దొర్లిపోకుండా కనబడుతుంది. స్క్రూడ్రైవరు మొన మర గాడి వెడల్పూ మందమూ పూర్తిగా నింపేదై ఉండాలి. వదులుగా కూర్చునే మొన ఒక్కసారి జారితే గాడి చెదరడంతో పాటు పక్కనున్న రంగు మీద ఎన్నటికీ పోని గీత పడుతుంది. బిగుసుకుపోయిన మరకు చొరబడే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలెయ్యి, అప్పటికీ కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ కొనను మర తల మీద కొద్దిసేపు ఆనించు. ఆ వేడికి తుప్పు పట్టు వదులుతుంది. మంట మాత్రం చూపించకు, ఈ జింకు మిశ్రమం సుమారు 385 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. ఇంకొక మాట: ఆ కాలపు బ్రిటిష్ బొమ్మల మరలు బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) అనే పాత కొలతవి. 6 బీఏ మర వ్యాసం 2.8 మిల్లీమీటర్లు, 8 బీఏది 2.2. చూపుకు దగ్గరగా ఉన్నాయి కదా అని 3 మిల్లీమీటర్ల మెట్రిక్ మరను ఆ రంధ్రంలోకి ఎక్కిస్తే మెత్తని జింకులోని మరచుట్టు చెక్కుకుపోతుంది, ఆ తర్వాత అసలు మర కూడా పట్టదు.

బాడీ తీశాక చాలామంది మొదట చేసే పని చక్రాన్ని వేలితో తిప్పి చూడడం. అది చేయవద్దు. ఈ ఇంజనులో మోటారు ఇరుసుకు ఉన్న వర్మ్ గేరు (మరచుట్టు లాంటి గేరు) చక్రాల ఇరుసు మీది పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. అటు నుంచి ఇటు తిప్పడం ఈ అమరికలో కుదరదు. బలవంతం చేస్తే పళ్లు విరగడమో, చక్రం ఇరుసు మీద జారడమో జరుగుతుంది. ఆర్మేచరునే (మోటారులో తీగ చుట్టలతో తిరిగే భాగాన్నే) వేలి కొనతో మెల్లగా తిప్పు. అసలే కదలకపోతే బేరింగుల దగ్గర నూనె ఎండి అంటుకుపోయిందని అర్థం. ఒక చుక్క పలుచని నూనె వేసి కాసేపు ఆగి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తూ ఉండు. ఆ పాత నూనె వార్నిష్ లాగా గట్టిపడి ఉంటుంది, వదలడానికి దానికి సమయం కావాలి, నీకు ఓపిక కావాలి.

ఇప్పుడు మల్టీమీటరు తీసుకో. మూడు పట్టాల దారి మీద నడిచే ఈ ఇంజను నడుమ పట్టా నుంచి అడుగున ఉన్న రేకు ద్వారా కరెంటు తీసుకుంటుంది. చక్రాలూ చట్రమూ రెండవ కొస. బ్రష్‌లలో ఒకటి ఆ రేకుకు, మరొకటి చట్రానికి కలిసి ఉంటుంది. అందువల్ల రేకుకూ చట్రానికీ నడుమ ఓములు కొలిస్తే మోటారు గుండా పోయే మార్గమంతా ఒకేసారి తెలుస్తుంది. దాదాపు సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్ ఉంది, మొదట అనుమానించవలసినది రేకు కింద వేసిన ఇన్సులేషన్ ముక్కనూ, నలిగిన తీగనూ. మీటరు అసలు స్పందించకపోతే బ్రష్ కమ్యుటేటరును తాకడం లేదన్నమాట, లేదా తీగ టంకం ఊడింది. ఈ దశలో మోటారు కాలిపోయిందని తీర్పు చెప్పకూడదు. బ్రష్‌లు రెండూ బయటకు తీసి, కమ్యుటేటరులోని మూడు రాగి ముక్కలను రెండేసి చొప్పున కొలువు. మూడు జతలకూ ఒకే రీడింగు రావాలి. ఒక జతలో మాత్రం మిగతావాటికి రెట్టింపు వస్తే ఒక చుట్ట ఎక్కడో తెగింది. తెగడం తరచుగా రాగి ముక్కకు టంకం పెట్టిన చోటే జరుగుతుంది కనుక, సన్నని మొన ఉన్న ఐరన్‌తో దాన్ని తిరిగి అతకవచ్చు. ఒక జతలో బాగా తక్కువ వస్తే చుట్ట లోపల షార్ట్ అయినట్టు. చివరగా ప్రతి రాగి ముక్కకూ మోటారు ఇరుసుకూ నడుమ కొలువు. అక్కడ మీటరు ఏమాత్రం కదలకూడదు. ఈ పరీక్షల్లో దేనిలోనైనా ఓడిన ఆర్మేచరును మాత్రమే తిరిగి చుట్టించడం గురించి ఆలోచించాలి.

శుభ్రం చేసే పనిలో అసలు కిటుకు రాగి ముక్కల నడుమ ఉన్న సన్నని సందుల్లో ఉంది. బ్రష్‌ల నుంచి రాలిన కార్బను పొడి నూనెతో కలిసి ఆ సందుల్లో గట్టిగా కూరుకుపోతుంది, కార్బనులో కరెంటు పారుతుంది కనుక మూడు ముక్కలూ ఒకటైపోయినట్టు మోటారు ప్రవర్తిస్తుంది. ఒక వెదురు పుల్ల కొనను చెక్కి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి ఆ సందుల వెంట లాగు. మొదటిసారి నల్లని పేస్టు వస్తుంది. పుల్ల శుభ్రంగా వచ్చేదాకా కొనలు మారుస్తూ చెయ్యి. గుండుసూది, బ్లేడు వంటివి వాడితే రాగి అంచు లేచి బ్రష్‌ను తినేస్తుంది. రాగి ముఖం గులాబీ రంగు తేలి మెరిస్తే చాలు, గరుకు కాగితంతో రుద్దకు. బ్రష్‌లు పొట్టిగా అరిగి స్ప్రింగు నెట్టలేని స్థితిలో ఉంటే కొత్తవి వెయ్యి. స్ప్రింగులను కూడా చూడు: బ్రష్ సరిగా ఆననప్పుడు కరెంటు సన్నని స్ప్రింగు గుండా పారి, అది వేడికి నల్లబడి బలం కోల్పోతుంది. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే కుంగినది వెంటనే తెలిసిపోతుంది.

ఈ పనులన్నీ బ్రష్‌ల రంధ్రాల గుండా చేయడానికి వీలైతే ఆర్మేచరును బయటకు తీయనే తీయకు. దీనికి గట్టి కారణం ఉంది. ఆ కాలపు అయస్కాంతాలు, అల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఇనుము) మిశ్రమంతో చేసినవి కూడా, ధ్రువాల నడుమ ఇనుము ఉన్నంతసేపే తమ బలాన్ని నిలుపుకుంటాయి. ఆర్మేచరు తీయగానే దానిలోని ఇనుము గుండా అయస్కాంత బలం పోయే దారి తెగి, తిరిగి పెట్టినా మునుపటి బలం రాదు. తీయక తప్పకపోతే ఆర్మేచరు బయటకు వస్తుండగానే ధ్రువాలను కలుపుతూ ఒక మెత్తని ఇనుప ముక్కను ఆనించి ఉంచాలి. అయస్కాంతం బలహీనమైన మోటారు కొత్తవాళ్లను మోసం చేస్తుంది: ఖాళీగా వదిలితే హుషారుగా, మామూలు కంటే వేగంగా తిరుగుతుంది, నాలుగు పెట్టెలు తగిలిస్తే లాగలేక వేడెక్కుతుంది, ఆంపియర్లు ఎక్కువ తాగుతుంది. అలా ఉంటే తీగ చుట్ట గుండా క్షణంపాటు పెద్ద కరెంటు పంపి తిరిగి అయస్కాంతీకరించే సాధనం ఉన్నవారి దగ్గరకు మోటారును మొత్తంగా పంపించు. పాత అయస్కాంతం స్థానంలో నియోడిమియం ముక్కలు అమర్చడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. అవి మరీ బలమైనవి కావడం వల్ల ఆర్మేచరు ఒక్కో ధ్రువం దగ్గర పట్టేసినట్టు ఆగి, నెమ్మది వేగంలో బండి కుదుపులతో నడుస్తుంది. పాతది పగిలిపోతే తప్ప నేను ఆ మార్గాన్ని సమ్మతించను.

మోటారు బాగున్నా బండి ప్రతి చుట్టులో ఒకే చోట తడబడుతుంటే లోపం చక్రాల దగ్గర ఉంటుంది. ఒక వైపు చక్రాలను కలిపే కడ్డీ, రెండవ వైపు కడ్డీ 90 డిగ్రీల తేడాతో ఉండాలి. ఒక పక్క కడ్డీ నేరుగా ముందు చివర ఉండి నెట్టలేని క్షణంలో రెండవ పక్కది నెడుతుంది. అసలు ఆవిరి ఇంజన్లలోనూ ఇదే ఏర్పాటు. మూడు ఇరుసుల మీదా ఈ తేడా ఒకేలా ఉండాలి. ఎవరో ఎప్పుడో చక్రాన్ని బలవంతంగా తిప్పడం వల్ల ఒకటి రవ్వంత జారినా కడ్డీలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. కడ్డీ రంధ్రాన్ని పెద్దది చేస్తే ఆ తడబాటు కనిపించకుండా పోతుంది కానీ లోపం అలాగే ఉంటుంది, కడ్డీ పాడవుతుంది. చక్రాలను సుత్తితో కొట్టవద్దు. చక్రాలు తీసే చిన్న ప్రెస్సు, 90 డిగ్రీల కోణం తప్పకుండా పట్టి ఉంచే జిగ్ అనే సాధనం ఉన్నవారి చేత సరిచేయించు.

నూనె విషయంలో పొదుపుగా ఉండు. సూది మొనకు అంటినంత పలుచని యంత్రపు నూనె ఒక్కో బేరింగుకు, ఒక్కో ఇరుసుకు చాలు. వర్మ్ గేరుకు కొంచెం పలుచని గ్రీజు పెట్టు. కమ్యుటేటరు మీద నూనె పడకూడదు. వంటనూనెలు ఎండి బంకవుతాయి, తుప్పు వదిలించే స్ప్రేలు ఆరిపోయి బేరింగును పొడిగా వదిలేస్తాయి, రెండూ వద్దు.

ఇప్పుడు రంగు. నీవు కోరుకున్నది కాదనడం నాకు ఇష్టం లేకపోయినా, ఈ విషయంలో నా మాట విను. ఫ్యాక్టరీలో వేసిన ఆ రంగు, ట్యాంకు పక్కన ఉన్న అక్షరాలు ఒకసారి పోతే తిరిగి వచ్చేవి కావు. మెట్ల దగ్గర, చిమ్నీ అంచు దగ్గర రంగు అరిగి లోహం తొంగిచూస్తున్నది, నిజమే. ఎన్నో చేతులు ఆ ఇంజనును పట్టుకుని పట్టాల మీద పెట్టిన చోట్లు అవే. వాటిని కప్పేస్తే ఆ బొమ్మ బతికిన కాలం కూడా కనబడకుండా పోతుంది. కొత్త రంగు మందంగా పడి రివెట్ల వరుసలు పూడిపోతాయి, సేకరించేవారి దృష్టిలో విలువ కూడా తగ్గుతుంది. మురికి మాత్రం తీయవచ్చు. గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బు ఒక చుక్క కలిపి, దూది పుల్లను తడిపి పిండి, ముందుగా అడుగున కనపడని చోట రుద్ది చూడు. దూదికి మురికి కాక రంగు అంటితే అక్కడే ఆపు. అక్షరాల మీద రుద్దకుండా తడి అద్ది తీయాలి. ఆల్కహాల్ కమ్యుటేటరుకే, అది రంగుకూ అక్షరాలకూ తగలకూడదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక గరుకు కాగితంతో రుద్ది ధూళి లేపే పని ఎవరూ చేయకూడదు, పిల్లలు తిరిగే ఇంట్లో అసలే చేయకూడదు. లోహపు బాడీ కావడం నీ అదృష్టం. 1950లో రోవెక్స్ అనే మరో బ్రిటిష్ బొమ్మల కంపెనీ తెచ్చిన ప్రిన్సెస్ ఇంజను బాడీలు సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్‌తో చేసినవి కావడంతో చాలావరకు వంకరపోయాయి, వాటిని వేడితో సరిచేయబోతే ఇంకా పాడవుతాయి.

విరిగిన మెట్టు, పోయిన బఫరు లాంటి భాగాలకు కొత్తగా చేసినవి దొరుకుతాయి. వేయించుకో, తప్పు లేదు. అయితే కొత్త భాగం లోపలి వైపు సన్నగా ఒక గుర్తు గీసి, ఏది ఎప్పుడు మార్చావో ఒక కాగితం మీద రాసి పెట్టెలో ఉంచు. తీసిన పాత ముక్కలను కూడా అదే పెట్టెలో వెయ్యి. రేపు ఆ ఇంజను ఎవరి చేతికి వెళ్లినా ఏది అసలుదో వారికి తెలియాలి.

అన్నీ బిగించాక బాడీ వేయకుండా, 4 వోల్టుల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచు, కరెంటు హద్దు 1 ఆంపియరు దగ్గర పెట్టు. బ్రష్‌ల దగ్గర చిన్న నీలి నిప్పురవ్వలు సహజం. కమ్యుటేటరు చుట్టూ పసుపు వలయంలా నిప్పు తిరుగుతుంటే వెంటనే ఆపి సందులు మళ్లీ చూడు. ముందుకు కొంతసేపు, వెనక్కు కొంతసేపు ఖాళీగా తిప్పుతూ, మధ్యలో ఆపి వేలితో మోటారును తాకు. వేలు ఆనించి ఉంచలేనంత వేడి ఉండకూడదు. కొత్త బ్రష్‌లు కమ్యుటేటరు వంపుకు తగ్గట్టు అరగడానికి కొంత సమయం పడుతుంది, అందుకని మొదట్లో నడక కొంచెం గరుకుగా ఉన్నా కంగారు పడకు. ఆ తర్వాతే పెట్టెలు తగిలించు. పరీక్షకు రెండు పట్టాల దారి వాడకు. ఈ ఇంజను చక్రాలకూ ఇరుసులకూ నడుమ ఇన్సులేషన్ లేదు కనుక పెట్టగానే షార్ట్ అవుతుంది.

ముందుగా బ్రష్‌లు తీసి ఆ మూడు జతల రీడింగులూ, మోటారు ఇరుసుకు కొలిచిన రీడింగూ రాసి పంపు. వెనక చక్రం మీది గీతను ఏటవాలు వెలుతురులో దగ్గరగా తీసిన ఫోటో కూడా కావాలి. అవి చూసి జవాబు రాసేదాకా కొత్త మోటారుకు ఆర్డరు ఇవ్వకు.

ఇట్లు,
నీ పెదనాన్న